ఆడపిల్లలు తెచ్చిన చావు కబురు

పీ చువాంగి పోతూ పోతూ మా చెవిలో ఒక పేరు వేసి పోయిందని చెప్పి కిందటి వారం ఆపాను. “సైత్లాంగ్‌లో లియాన్‌జువాలాకి చెప్పండి” అంది. అంతే, కళ్లు మూసింది. ఆ లియాన్‌జువాలా ఎవరో, ఆవిడకి ఏమవుతాడో మా తుయ్‌రాల్‌లో ఒక్కరికీ తెలియదు. పీ అంటే మాకు అవ్వ. ఆ అవ్వ మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లం మేమంతా. పెళ్లి లేదు, పిల్లల్లేరు, చుట్టమని చెప్పుకుని ఆ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. అలాంటి మనిషి నోట చివరి మాటగా అవతలి కొండ మీది మగమనిషి పేరు ఎందుకొచ్చింది? చావు ఇంట్లో ఉండి ఇలా ఆలోచించకూడదు గానీ, నాకైతే దుఃఖం కంటే ముందు కుతూహలమే పుట్టింది.

మా కొండల్లో మనిషి పోతే బరువంతా యువజన సంఘం మీదే. గుంట తవ్వడం, పాడె కట్టడం, ఆ ఇంటివాళ్లు ఒంటరిగా ఉండకుండా తోడు కూర్చుని పాటలు పాడడం, అన్నీ సంఘం పిల్లలే చూసుకుంటారు. పక్క ఊళ్లలో ఉన్న అయినవాళ్లకి కబురు మోసుకెళ్లడానికి ఇద్దరిని పంపుతారు. అదో గౌరవం. వానైనా వరదైనా ఆ ఇద్దరూ ఆగకూడదు. ఆ ఇద్దరూ మగపిల్లలే అయి ఉంటారు. పేరుకి ఆడపిల్లలం మేమూ సభ్యులమే. మా వంతు నీళ్లు మొయ్యడం, టీ కాచడం. మీటింగుల్లో ‘మన సోదరీమణులు’ అని గౌరవంగా ఒక మాట అనేసి, అది అవగానే కప్పులు కడగమంటారు. కమిటీలో మాకూ చోటు కావాలని నేను అడుగుతూనే ఉన్నాను.

ఆ పొద్దున ఊళ్లో మగపిల్లలు లేరు. వేటకి వెళ్లి తప్పిపోయిన మనిషి కోసం అడవిలో గాలిస్తున్నారు. కొండచరియ విరిగిపడి రోడ్డు పోయింది, దాంతోపాటే ఫోను తీగ కూడా పోయింది. నేనూ నా స్నేహితురాలు బియాకీ లేచి, కబురు మేం తీసుకెళ్తామన్నాం. వెంటనే పూ కైలియానా లేచాడు. పెద్ద వయసు మగవాళ్లని మేం పూ అంటాం. ఈయన చర్చి పెద్ద, ఊరి పెద్ద, ఆయన దగ్గినా ఊరు ఆగి వింటుంది. ఆడది చావు కబురు మోసిన ఊరు ఈ కొండల్లో ఎక్కడా లేదనీ, తుయ్‌రాల్‌లో మగాళ్లు కరువయ్యారని అవతలివాళ్లు నవ్వుతారనీ అన్నాడు. అసలు ఆ పేరే ముసలావిడ పలవరింత, దాని కోసం ఎవరూ పోనక్కర్లేదని కూడా అన్నాడు.

మా అధ్యక్షుడు థాంగా అన్న అడవిలో చీలమండ బెణికి వెనక్కి వచ్చేశాడు కాబట్టి అక్కడున్నాడు. నన్ను పక్కకి పిలిచాడు.

“రేపు మధ్యాహ్నం మట్టి చేస్తాం. ఆ లోపు ఆ మనిషికి కబురు అందాలి, రాదలుచుకుంటే వచ్చేట్టుండాలి. అందిందా, కొత్త కమిటీలోకి ఆడపిల్లల పేర్లు నేనే చదువుతా. అందలేదా, ఖుమీ, ఇంక నువ్వీ మాట ఎత్తకు. నేనూ నీ వైపు మాట్లాడలేను.”

అలా బయల్దేరాం. సైత్లాంగ్ మా ఊరి నుంచి చూస్తే చెయ్యి చాపితే అందేలా ఉంటుంది. నడిస్తే మాత్రం లోయలోకి దిగి, ఏరు దాటి, మళ్లీ అంతెత్తూ ఎక్కాలి. దారంతా బియాకీ ఆ లియాన్‌జువాలాకి రకరకాల వేషాలు వేసింది. కాసేపు తప్పిపోయిన తమ్ముణ్ణి చేసింది, కాసేపు మాట తప్పిన ప్రియుణ్ణి చేసింది. ఏరు దాటేటప్పటికి ఎవరికీ తెలియకుండా కన్న కొడుకయ్యాడు. కొడుకే అయితే తను కబురు చెప్పలేదట, ఏడ్చేస్తుందట. నోరు ముయ్యమన్నాను గానీ, నేనూ లోలోపల అదే పనిలో ఉన్నాను.

కబురు మోసేవాళ్లకి మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. అయినవాళ్ల గుమ్మం చేరేదాకా పోయిందెవరో ఎవరికీ చెప్పకూడదు. చుట్టం చెవిన పడకముందు ఆ మాట దారినపోయేవాళ్ల నోట్లో నానకూడదని. మగపిల్లలైతే నోరు విప్పే పని కూడా లేదు. ఇద్దరు కుర్రాళ్లు చెమటలు కక్కుకుంటూ ఊళ్లోకి వస్తే, ఎవరింట్లోనో ఏడుపు మొదలవుతుందని చూసినవాళ్లకి తెలిసిపోతుంది. మమ్మల్ని చూసి అలా ఎవరనుకుంటారు? ఈ సంగతి మాకు దారిలో తట్టనే లేదు.

సైత్లాంగ్ మొదట్లో నీళ్ల ధార దగ్గర ఆడవాళ్లు బట్టలుతుకుతున్నారు. లియాన్‌జువాలా ఇల్లెక్కడని అడిగాను. ఎందుకన్నారు. ఆయనతోనే చెప్పాలన్నాను. ఉతుకుడు ఆగిపోయింది. ఒకావిడ మా ఇద్దరినీ కాళ్ల నుంచి తల దాకా చూసి, పక్కావిడ భుజం మీద చరిచి నవ్వడం మొదలుపెట్టింది. దారి చూపిస్తామని అందరూ తడి బట్టలు బండ మీదే వదిలేసి మా వెంట పడ్డారు.

తర్వాత తెలిసింది. ఆ ఊళ్లో లియాన్‌జువాలా అనేవాడు ఒక్కడే. చిన్నబడిలో మాస్టారు, పెళ్లి కానివాడు, చర్చిలో గిటారు వాయిస్తాడు. మా పాతరోజుల్లో ఒక పద్ధతుండేది. పిల్ల తను మనసు పడ్డవాడి ఇంటికి పిలవకుండా వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుందంటే, ఆమెని కోడలిగా ఉంచుకుంటారో పంపేస్తారో ఆ ఇల్లు తేల్చుకోవాల్సిందే. ఇప్పుడెవరూ అలా చెయ్యరు. చెయ్యరు కాబట్టే, చేసిన పిల్లని చూడ్డానికి ఊరు ఊరంతా కదిలొస్తుంది. మేం ఆ ఇంటి అరుగెక్కేసరికి మా వెనక పెళ్లికొచ్చినంత జనం.

గుమ్మంలో మాస్టారి తల్లి జువాలా అమ్మ నిలబడింది. కన్నవాళ్లని పిల్లల పేరుతో పిలవడం మా అలవాటు కనక ఆవిడ అసలు పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చేతిలో గరిటె ఉంది. మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని తీరిగ్గా చూసింది.

“ఇద్దరిలో ఎవరు?”

నాకేమీ అర్థం కాలేదు. ఇద్దరమూ అన్నాను. వెనక జనం గొల్లుమన్నారు.

“ఇద్దరా? వాడికి చొక్కా గుండీ కుట్టుకోవడమే రాదు. ఇద్దరిని ఏం చేసుకుంటాడు?”

నాకంటే ముందు బియాకీకి అర్థమైంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. మేం అందుకు రాలేదమ్మా అని గొణిగింది. అందరూ అలాగే అంటారని చెప్పి ఆవిడ మమ్మల్ని బలవంతంగా పీటల మీద కూలేసింది. టీ ఇచ్చింది, బెల్లం ముక్కలు పెట్టింది. బియాకీ ఆవిడకి బాగానే నచ్చినట్టుంది. నేత వచ్చా, చర్చిలో ఏ గొంతు పాడతావు అని ఆరా తీసింది. నన్ను ఏమీ అడగలేదు. ఆ కబురు మోసే గొడవలోనూ నాకు కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

బడి నుంచి మాస్టారిని ఎవరో లాక్కొచ్చారు. చేతులకి సుద్ద అలాగే ఉంది. మెట్ల దగ్గరే ఆగిపోయి, పారిపోవడానికి ఏ దారి బాగుంటుందా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఆయన్ని చూడగానే నాకు అనుమానం వచ్చింది. పీ చువాంగికి ఈ కుర్రాడేమిటి? కానీ ఆవిడ చెప్పిన ఊరు ఇదే, చెప్పిన పేరూ ఇదే. కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాను. కబురు నిలబడే చెప్పాలి.

“తుయ్‌రాల్ యువజన సంఘం పంపగా వచ్చాం. కూర్చోండి మాస్టారూ. చావు కబురు తెచ్చాం.”

నవ్వులు ఆగాయని చెప్పాలని ఉంది గానీ ఆగలేదు. ఇదీ ఒక ఎత్తే అనుకున్నారు. మీ ఊళ్లో మగపిల్లలు ఏమయ్యారని జువాలా అమ్మ అడిగింది. చెప్పాను. నిజంగా చావైతే మగాళ్లు రాకుండా ఉంటారా అని వెనక నుంచి ఎవరో అన్నారు. నా ఒళ్లు మండిపోయింది. పోయింది మా ఊరి పీ చువాంగి అని, చివరి మాటగా మీ పేరే చెప్పిందని గట్టిగా చెప్పేశాను. మాస్టారు పాపం చాలా ఆలోచించాడు. చువాంగి అనే ముసలావిడ తనకి తెలియదన్నాడు. వాళ్లమ్మ కూడా తెలియదంది. ఈ ఊళ్లో ఇంకో లియాన్‌జువాలా లేడా అని అడిగాను. లేడని అందరూ ఒకేసారి చెప్పారు.

కబురు అందలేదా, ఇంక ఈ మాట ఎత్తకు అన్న థాంగా అన్న గొంతే చెవుల్లో వినిపిస్తోంది. నా ఒక్కదాని సంగతైతే పోనీ అనుకునేదాన్ని. మా వెనక పెరుగుతున్న ఆడపిల్లలందరికీ రేపటి నుంచి మేమే సాకు అవుతాం. చూశారుగా, పంపితే ఏమైందో అంటారు.

“ఏ చువాంగి?”

అరుగు చివర ఒక పెద్దాయన వెదురు బద్దలు చీలుస్తూ కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచీ ఉన్నాడు, మేమే సరిగా చూడలేదు. పక్కింటి మనిషి, అందరూ మావీ నాన్న అంటున్నారు. కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయి ఉంది.

“మగ్గం నేసే చువాంగి, తాతా. మా ఊరి చివర ఒంటరిగా ఉండేది.”

“ఆవిడ నాకే చెప్పమంది,” అన్నాడు ఆయన.

జువాలా అమ్మ ఆయన వైపు తిరిగింది. “నీకెందుకు చెప్పమంటుంది? నీ పేరు మావీ నాన్న కదా?”

“మావీ పుట్టకముందు కూడా నేను బతికానమ్మా. నాకూ ఒక పేరు పెట్టారు.”

మావీకే పెళ్లయి పిల్లలు ఎదిగారట. ఇన్నేళ్లలో ఆయన అసలు పేరు ఎవరూ పలకలేదు, కుర్రవాళ్లకి తెలియను కూడా తెలియదు. నేను వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి కబురు మొదటి నుంచి మళ్లీ చెప్పాను. కత్తి కింద పెట్టి విన్నాడు. మగతోడు లేకుండా వచ్చారా అని అడిగాడు. లేకుండానే అన్నాను. ఎవరైనా వద్దన్నారా అంటే పూ కైలియానా పేరు చెప్పాను. ఆ పేరు వినగానే తాత తల పంకించాడు.

“ఆనాడు చువాంగి ఆయన గుమ్మానికే వెళ్లింది. ఒక్కతే.”

అంత జనం ముందూ ఆ సంగతి మొదటి నుంచీ చెప్పాడు. పీ చువాంగి పుట్టింది ఈ సైత్లాంగ్‌లోనే. పూ కైలియానా పుట్టిందీ ఇక్కడే, పెళ్లయ్యాక మా తుయ్‌రాల్‌కి వచ్చి స్థిరపడ్డాడు. అది అడవిలో వెదురు పూసి, ఆ గింజలు తిని ఎలుకలు పెరిగి, అవి పంటలన్నీ కొట్టేసి కరువొచ్చిన ఏడాది. మగవాళ్లందరూ బియ్యం కోసం దూరాలు వెళ్లారు. ఆ రోజుల్లోనే కైలియానా తల్లి ఇక్కడ ఆకలితో చనిపోయింది. కబురు మొయ్యడానికి ఊళ్లో మగపురుగు లేదు. అప్పటికి చిన్నపిల్ల అయిన చువాంగి నేను పోతానని లేచింది. ఏరు పొంగుతోంది. అయినా దాటి, కైలియానా గుమ్మం ముందు నిలబడి చెప్పింది. ఆయన నమ్మలేదు. చావు కబురైతే మగాళ్లు తెచ్చేవాళ్లు, ఎవరో నీతో ఆటలాడిస్తున్నారు పో అన్నాడు. ఆమె పోలేదు. అక్కడే కూర్చుంది.

ఊళ్లోకి తిరిగొచ్చిన మొదటి మగవాడు ఈ లియాన్‌జువాలా. కైలియానా ఇంకా రాలేదని తెలిసి ఆయన్ని పంపారు. వెళ్లేసరికి చువాంగి ఇంకా ఆ గుమ్మం ముందే ఉంది. ఈయన మాట వినగానే కైలియానా చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. ఇక్కడికి చేరేసరికి తల్లిని మట్టి చేసేశారు. కన్నతల్లి ముఖం చూసుకోలేకపోయిన మనిషి, అందరూ ఎందుకు రాలేదని నిలదీస్తుంటే, ఆ పిల్ల నా గుమ్మానికి రానే లేదు అనేశాడు. ఊరు ఆయన మాటే నమ్మింది. ఆడపిల్లని పంపితే ఇలాగే ఉంటుందని రెండు ఊళ్లూ బుగ్గలు నొక్కుకున్నాయి. ఆడపిల్ల చావు కబురు మొయ్యకూడదని, అందరూ అనాదిగా వస్తోందనుకునే కట్టుబాటుకి అసలు మొదలు అదే.

బియాకీ అడిగింది.

“నువ్వు చూశావు కదా తాతా. మరి చెప్పలేదేం?”

“చెబుతానంటే ఆమే వద్దంది. తల్లిని పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు పరువూ పోతే బతకడు అంది. ‘నేను పోయిన రోజు రా. నా పాడె ముందు నిలబడి రెండు ఊళ్లకీ చెప్పు. చెబుతావా’ అని మాట తీసుకుంది.”

“తనకి అంత అన్యాయం చేసిన మనిషి ఊళ్లోనే వెళ్లి ఎందుకు ఉండిపోయింది?”

“అది నాకూ చెప్పలేదమ్మా. నా మోకాళ్లు బాగున్న రోజుల్లో, మీరెవరూ పుట్టకముందు, వెళ్లి ఎన్నిసార్లు అడిగినా మగ్గం వైపు తిరిగేది.”

అంతలో మెట్ల దగ్గర జనం పక్కకి జరిగారు. చెమటతో తడిసి ముద్దయి, రొప్పుతూ మా ఊరి రింగా వచ్చాడు. అడవిలో గాలిస్తున్నవాళ్లలో వాడొకడు. వాణ్ణి చూడగానే అందరి ముఖాలూ మారిపోయాయి. మగవాళ్లు టోపీలు తీశారు. ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పొద్దున్నుంచి మాకు దక్కని మర్యాద వాడికి మెట్టెక్కకముందే దక్కింది.

“వీళ్లు చెప్పింది నిజమే,” అన్నాడు రింగా, ఎవరూ అడగకుండానే. “ఆడపిల్లలు కదా, నమ్మరేమోనని పూ కైలియానా నన్ను కూడా పొమ్మన్నాడు.”

తాత నా వైపు చూశాడు. నేను తాత వైపు చూశాను. రింగా మంచివాడే, అన్న మాట ఎంత లోతుగా దిగిందో వాడికి తెలియదు. తప్పిపోయిన మనిషి దొరికాడనీ, అందరూ ఊరు చేరారనీ చెప్పాడు. తర్వాత తల దించుకుని అసలు సంగతి బయటపెట్టాడు. మట్టి చెయ్యడం రేపు కాదు, ఈ సాయంత్రమే. పెద్ద వాన పట్టేలా ఉందని పూ కైలియానా ముందుకి జరిపించాడు. థాంగా అన్న వద్దని వాదించినా వినలేదు. దూరం నుంచి ఎవరూ శ్రమపడి రానక్కర్లేదని కూడా చెప్పి పంపాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఒక్క మబ్బు తునక లేదు. పొద్దు మాత్రం అప్పటికే నడినెత్తి దాటింది.

తాత స్తంభం పట్టుకుని లేచాడు. మోకాళ్లు నిలబడనివ్వలేదు, మళ్లీ కూలబడ్డాడు. ఇంకోసారి లేచాడు, మళ్లీ అంతే. మగవాళ్లు చర్చ మొదలుపెట్టారు. కర్రలు కట్టి డోలీ చెయ్యాలన్నారు, ఎవరెవరు మొయ్యాలన్నారు, ఊరి పెద్దల్ని అడగాలన్నారు. ఒకాయన మీటింగు పెడదామన్నాడు. మా కొండల్లో మీటింగు పెడితే అది పొద్దు వాలకముందు తెమలదు.

బియాకీ ఎవరితోనూ మాట్లాడలేదు. గోడకి వేలాడుతున్న కట్టెల బుట్ట దించింది. అడుగున ఒక దుప్పటి మడిచి వేసింది. బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని, తాతకి వీపు పెట్టి గొంతుకూర్చుంది.

“ఎక్కండి తాతా. రోజూ మోసే పచ్చికట్టెల కంటే మీరేం బరువుండరు.”

జువాలా అమ్మ ఒక్క క్షణం దాని వంక చూసి లోపలికి వెళ్లింది. కోప్పడిందేమో అనుకున్నాను. తన బుట్ట పట్టీ తెచ్చి, పాతది తీసేసి, తన చేత్తోనే దాని నుదుటికి కట్టింది. ఇది తెగదు, వెళ్లండి అంది. మాస్టారు కొడవలి అందుకుని, తను కూడా వస్తాననీ ఏం చెయ్యాలో చెప్పమనీ అడిగాడు. బియాకీ తలెత్తకుండానే ముందు నడిచి దారికి అడ్డమొచ్చే కొమ్మలు నరకమంది. సగం దారి నుంచి బుట్ట నేను మోస్తానన్నాను. తాతని ఎత్తి కూర్చోబెట్టాం. బియాకీ మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఒక్క ఊపిరి పీల్చి లేచి నిలబడింది.

ఊరి చివరికి వచ్చాక తాత నన్ను పిలిచాడు. “అమ్మాయీ, నన్ను తిన్నగా పాడె దగ్గరికి తీసుకుపోవద్దు. ముందు కైలియానా గుమ్మానికి పోనివ్వు. అప్పుడు ఆమె కూర్చున్న చోటే కూర్చుని పిలుస్తాను. ఈసారి తలుపు తీస్తాడేమో చూద్దాం.”

నా పక్కన నడుస్తున్న రింగా ఆగిపోయాడు. ఇందాక అంతమందిలో చెప్పలేకపోయాను అన్నాడు.

“ఆయన ఇంట్లో లేడు తాతా. అక్కడున్న వాళ్లందరినీ బయటికి పంపేసి, పీ చువాంగి ఇంట్లోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు. ఆమె పక్కన ఒక్కడే ఉన్నాడు. పాడె కట్టేవాళ్లు పిలిస్తే కూడా పలకలేదు. నేను బయల్దేరేటప్పుడు లోపల మగ్గం చప్పుడు వినిపించింది.”